ముందు చక్రం మోకాలు విరిగితే

వైశాఖంలో బ్రహ్మంగారి ఆరాధన ఉత్సవాలు మొదలైతే మఠం దారులన్నీ బండ్లమయం. మైదుకూరు మీదుగా కొన్ని, బద్వేలు వైపు నుంచి కొన్ని. నెత్తిన మూటలు కట్టుకున్న సుమోలు, ఊరంతా ఎక్కిందా అన్నట్టుండే బొలెరోలు, నలుగురు కూర్చునే చోట ఏడుగురు ఇరుక్కున్న మారుతి 800లు. ఇలాంటి దారుల్లో అప్పుడప్పుడు కంటబడే దృశ్యం ఒకటుంది. రోడ్డు వారన ఒక పాత కారు, మోకాలు విరిగిన ఎద్దులా ముందుకు వాలి నిలబడి ఉంటుంది. ముందు చక్రాల్లో ఒకటి బాగానే ఉంటుంది. రెండోది మడ్‌గార్డు కిందికి దూరి, ఎటో చూస్తుంటుంది. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు ఇరుసు విరిగిందంటారు, ఇంకొకరు చక్రం ఊడిందంటారు. ఇరుసూ విరగలేదు, చక్రమూ ఊడలేదు. చక్రాన్ని బండికి కలిపే కీలు తప్పింది. దాని పేరు బాల్ జాయింట్.

బ్రహ్మంగారిమఠానికి ఒకప్పటి పేరు కందిమల్లాయపల్లె. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో ఇక్కడే సజీవ సమాధి పొందారని భక్తుల నమ్మకం. ఎద్దులు లేని బండ్లు నడిచే కాలం వస్తుందని స్వామి ముందే చెప్పారన్నది ఈ చుట్టుపక్కల ఎవరిని కదిపినా వినిపించే మాట. ఎద్దులు పోయాయి, నిజమే. కందెన అవసరం మాత్రం పోలేదు. ఎద్దుబండి చక్రం ఇరుసు మీంచి జారిపోకుండా పట్టి ఉంచేది వేలెడంత ఇనుప కడశీల. బండి కట్టేముందు అది ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవడం, ఇరుసుకు కందెన పెట్టడం రైతుకు పళ్లు తోముకోవడం లాంటి అలవాటు. అదే రైతు కొడుకు కారు కొన్నాక ఆ తడిమే చెయ్యి ఏమైంది? పాత కార్ల ముందు చక్రాల కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బాల్ జాయింట్ పెద్ద యంత్రమేమీ కాదు. గోలీకాయ కంటే కాస్త పెద్ద ఉక్కు గుండు, దానికి ఒక కాడ. గుండు ఒక గిన్నెలో కూర్చుంటుంది. గుండుకీ గిన్నెకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర, గ్రీజు. కాడ బయటికి వచ్చే చోట దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా రబ్బరు తొడుగు. మెకానిక్కులు దాన్ని ‘బూటు’ అంటారు. మనిషి తుంటి కీలును చూసి చేశారా అనిపిస్తుంది. గుంతలో పడినప్పుడు చక్రం పైకీ కిందికీ ఆడాలి, స్టీరింగ్ తిప్పితే పక్కకు తిరగాలి, ఈ రెండూ ఒకేసారి జరగాలి. తలుపు బందు ఒక దిక్కుకే ఆడుతుంది. గుండూ గిన్నే అయితే అన్ని దిక్కులా ఆడుతుంది.

వెనకటి కార్లలో ఈ పని కింగ్ పిన్ను అనే నిలువు కడ్డీ చేసేది. అమెరికాలో 1952 లింకన్ కారు ముందు చక్రాలకు బాల్ జాయింట్లు పెట్టుకుని వచ్చింది. అప్పటికే ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు ఇంకో దారి పట్టాడు. స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ కలిపి ఒకే నిలువు స్తంభంగా చేసి, కింద బండినీ చక్రాన్నీ కలిపే ఒకే ఒక ఆర్మ్, దాని చివర ఒకే ఒక బాల్ జాయింట్ ఉంచాడు. 1950ల మొదట్లో ఇంగ్లండులోని ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో అది జనంలోకి వచ్చింది. చవక, తేలిక, చోటు ఆదా. నేడు మన వీధుల్లో తిరిగే చిన్న కార్లు దాదాపు అన్నీ ఆయన వారసులే.

ఈ రెండు పద్ధతుల తేడా తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మెక్‌ఫర్సన్ పద్ధతిలో బండి బరువు స్తంభం మీద పడుతుంది. కింది బాల్ జాయింట్ బరువు మోయదు. బ్రేకు తొక్కినప్పుడు, మలుపు తిరిగినప్పుడు చక్రం ముందుకో వెనక్కో పక్కకో పోకుండా పట్టుకుంటుంది, అంతే. సుమో, క్వాలిస్ లాంటి పెద్ద బండ్లలో పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి. స్ప్రింగో, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బారో కింది ఆర్మ్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి బండి ముందు భాగం బరువంతా కింది బాల్ జాయింట్ మీదుగానే చక్రానికి దిగుతుంది. పెళ్లికి పన్నెండు మందిని ఎక్కించుకుపోయే సుమోలో ఆ గుండు ఎంత మోస్తుందో ఊహించుకోవచ్చు.

తెలుగు సినిమా సుమోల్ని గాల్లోకి లేపి పేల్చిన తీరు అందరికీ గుర్తే. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ వచ్చాక రాయలసీమ అంటే వరసగా పోయే తెల్ల సుమోలని బయటివాళ్లకు ముద్ర పడిపోయింది. 1994లో మార్కెట్లోకి వచ్చిన ఆ బండికి టాటా సంస్థల అధిపతుల్లో ఒకరైన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి పేరు పెట్టారని, జపాన్ మల్లయోధులతో సంబంధం లేదని చాలామందికి తెలియదు. నిజజీవితంలో సీమ సుమోలు బాంబులకంటే ఎక్కువగా గుంతలకే లొంగిపోయాయి. సినిమాలో గాల్లోకి లేచిన సుమో కింద పడి మళ్లీ పరిగెడుతుంది. మెకానిక్ కళ్లతో చూసేవాడికి అక్కడే నవ్వు వస్తుంది.

అంబాసిడర్ సంగతి వేరు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను అచ్చుగుద్ది కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ తీసిన ఆ బండికి ముందు టార్షన్ బార్లు, ఇరుపక్కలా తిరిగే కీళ్లు, ఆ కీళ్లకు గ్రీజు నిపిల్స్. ప్రీమియర్ పద్మినికీ కింగ్ పిన్నులు, నిపిల్స్ ఉండేవి. ఈ బండ్లున్నవాళ్లు గ్రీజు గన్ మోతను మరిచిపోలేరు. కొన్ని వందల మైళ్లకొకసారి షెడ్డుకు పోవాలి. గుంత మీద బండి నిలబెట్టి, కింద దూరి, ఒక్కో నిపిల్‌కు గన్ పెట్టి కొడితే పాత నల్లటి గ్రీజు పక్కనుంచి పేగులా బయటికి వచ్చేది. కొత్తది తెల్లగా కనబడేదాకా కొట్టాలి. విసుగు పని. మరిచిపోయినవాళ్లకు శిక్ష కూడా ఉండేది. అంబాసిడర్ బంధువైన మోరిస్ మైనర్ విషయంలో ఇంగ్లండులో ఈ పాఠం ఇప్పటికీ చెబుతారు: మర కీలుకు గ్రీజు పెట్టకపోతే మరలు అరిగి, ఒకనాడు కీలు ఊడి చక్రం బండి కిందికి మడుచుకుంటుంది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి తాళంచెవి ఇచ్చిన మారుతి 800 ఈ విసుగును తీసేసింది. దాని బాల్ జాయింట్లు ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి మూసేసినవి. నిపిల్ లేదు, గన్ అవసరం లేదు. ఒక్క ఈ దేశంలోనే 26 లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఆ కారు కారణంగానే అనొచ్చు, గ్రీజు పెట్టించుకోవడమనే అలవాటు ఒక తరంలో మాయమైంది. చిత్రమేమిటంటే అంబాసిడరూ మారుతి 800 రెండూ ఒకే ఏడాది, 2014లో, ఆగిపోయాయి. ఒకటి జనవరిలో, ఒకటి మే నెలలో.

మూసేసిన కీలు మేలైనదే, అందులో వాదన లేదు. కొత్తగా ఉన్నంత కాలం అది పాత నిపిల్ కీలు కంటే శుభ్రంగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది. కానీ నిపిల్‌తో పాటు ఇంకొకటి కూడా పోయింది. గ్రీజు కొట్టడానికి నెలకోసారి బండి కిందికి దూరే మనిషి, గ్రీజు కొడుతూనే ఆర్మ్ బుష్ పగిలిందా, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ లూజైందా, షాకప్ నూనె కారుతోందా అని చూసేవాడు. ఎవరూ అడక్కుండా జరిగే తనిఖీ అది. నిపిల్ పోవడంతో ఆ చూపూ పోయింది. ఈ వ్యాసం పట్టుకున్న మాట ఇదొక్కటే: మన పాత కార్ల బాల్ జాయింట్లు ఉక్కు బలహీనత వల్ల పోతున్నవి తక్కువ, ఎవరూ చూడకపోవడం వల్ల పోతున్నవి ఎక్కువ.

చావు మొదలయ్యేది రబ్బరు దగ్గర. ఎండకూ ఇంజను వేడికీ ఏళ్ల తరబడి మాడిన బూటు మడతల దగ్గర సన్నగా చీలుతుంది. కడప ఎండలు ఎలాంటివో చెప్పనక్కరలేదు. మే నెలలో తారు మీద పాదం పెట్టలేం. ఆ తారుకు జానెడు ఎత్తులో రబ్బరు రోజంతా ఉడుకుతుంది. చీలికలోంచి మొదట గ్రీజు బయటికి వస్తుంది. దానికి దుమ్ము అంటుకుంటుంది. తొలకరి వానలో గుంతల నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజూ దుమ్మూ కలిస్తే అది కందెన కాదు, సానపెట్టే ముద్ద. సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో అయితే ఆ ముద్దలో సున్నపురాయి పొడి కూడా చేరుతుంది. గుండు నున్నదనం పోయి గీతలు పడుతుంది, ప్లాస్టిక్ పొర అరుగుతుంది, గిన్నె నోరు వెడల్పవుతుంది. చివరికి గుండు గిన్నెలో గజ్జెలా ఆడటం మొదలెడుతుంది. బూటు చీలిన నాటి నుంచి కీలు ఊడే నాటి వరకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. ఆ కాలమంతా బండి చెబుతూనే ఉంటుంది.

ఏం చెబుతుంది? మొదట స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ‘టక్’. అదీ నెమ్మదిగా పోయినప్పుడే, అద్దాలు దించుకున్నప్పుడే వినబడుతుంది. పాటలు పెట్టుకునేవాళ్లకు ఈ దశ తెలియనే తెలియదు. తర్వాత రివర్స్‌లో స్టీరింగ్ తిప్పి బ్రేకు తొక్కితే ‘కటక్’. ఆ తర్వాత బండి రోడ్డు మీద సూటిగా నిలవదు, పక్కకు లాగుతుంది. అలైన్‌మెంట్ చేయిస్తే పదిరోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది. టైరు లోపలి అంచో బయటి అంచో రంపంతో కోసినట్టు అరుగుతుంది. “టైరు ఒక పక్క తింటాంది నా” అని షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది టైరు మార్చమని అడగడానికే వస్తారు. రోగం టైరుది కాదని చెప్పి ఒప్పించడం మెకానిక్‌కు పెద్ద పని.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీదో ఎర్రగుంట్ల రోడ్డు మీదో ఏ షెడ్డులోనైనా ఒక పూట కూర్చుంటే ఇలాంటి సంభాషణ చెవిన పడుతుంది.

“ఎడం పక్క టక్ టక్ మంటాంది నా.”

“ఎన్నాళ్ల నుంచి?”

“శివరాత్రి కాడ నుంచి.”

“ఇది శ్రావణం. ఇన్నాళ్లూ యాడ పోయినావప్పా?”

“బండి నడుచ్చానే ఉంది గదా అని.”

‘బండి నడుచ్చానే ఉంది గదా’. బాల్ జాయింట్ విషయంలో మోసమంతా ఈ ముక్కలోనే ఉంది. ఇంజను పోతే బండి ఆగుతుంది, బ్యాటరీ పోతే స్టార్ట్ కాదు. బాల్ జాయింట్ నూటికి తొంభై పాళ్లు అరిగిపోయినా బండి నడుస్తుంది. మిగిలిన పది పాళ్లు అయిపోయినప్పుడే ఆగుతుంది, అది కూడా తనకు నచ్చిన చోట.

మంచి మెకానిక్ పరీక్ష చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చక్రం నేల విడిచేలా జాకీ ఎత్తి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో టైరు పట్టుకుని లోపలికీ బయటికీ ఊపుతాడు. ఆట తెలిస్తే అది బేరింగుదో బాల్ జాయింట్‌దో తేల్చాలి. షెడ్డులో పిల్లాణ్ని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కి పట్టమంటాడు. ఆట ఆగిపోయిందా, బేరింగు. ఆగలేదా, కింద కీలు. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని పక్కలకు ఊపుతాడు. అక్కడ ఆట ఉంటే టై రాడ్ ఎండ్ మీద అనుమానం. చివరగా ఒక గడ్డపార ముక్కను కింది ఆర్మ్‌కూ చక్రం కీలుకూ మధ్య దూర్చి మీటుతాడు. వేలు మాత్రం బూటు మీదే ఉంటుంది. కంటికి కనబడని కదలిక వేలికి తెలుస్తుంది.

ఇక్కడే తొందరపాటు షెడ్లకూ ఓపికున్న షెడ్లకూ తేడా బయటపడుతుంది. బరువు మోసే కీలును, అంటే సుమో, క్వాలిస్ తరహా బండ్ల కింది కీలును, ఛాసిస్ కింద జాకీ పెట్టి చూస్తే ఏ లోపమూ కనబడదు. స్ప్రింగ్ ఆర్మ్‌ను కిందికి నొక్కి పట్టి ఉంచుతుంది, గుండు గిన్నెలో బిగిసి ఉంటుంది. జాకీ కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టి ఎత్తితేనే కీలు మీద బరువు తగ్గి అసలు ఆట బయటికొస్తుంది. మారుతి, శాంత్రో, ఇండికాల్లో దీనికి తలకిందులు: అక్కడ చక్రం గాల్లో వేలాడాలి. రెంటినీ ఒకే తీరుగా ఎత్తి ‘ఏం ల్యాదులే, బాగుంది’ అని పంపించేసిన బండ్లు ఎన్నో. ఆ మాట అబద్ధమేమీ కాదు. జాకీ తప్పు చోట పెట్టి చూశాడు కాబట్టి అతనికి నిజంగానే బాగుంది.

కీలు ఊడితే ఏం జరుగుతుందన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. కొంత నయం ఏమిటంటే, అరిగిన గుండు గిన్నెలోంచి జారడానికి స్టీరింగ్ బాగా తిప్పి బ్రేకు తొక్కినప్పుడు ఎక్కువ వీలు. అంటే ఇంటి ముందు బండి తిప్పేటప్పుడో, పెట్రోలు బంకులోకి మలుపు తీసుకునేటప్పుడో. కానీ అదే వేగంలో, గుంత తప్పించడానికి ఒక్కసారిగా తిప్పినప్పుడు జరిగితే స్టీరింగ్ చేతిలో ఉండీ లేనట్టే. ముందు చక్రాలతో నడిచే కార్లలో చక్రం పక్కకు పోగానే డ్రైవ్ షాఫ్ట్ ఊడి వస్తుంది, బ్రేకు పైపు లాగేసుకుంటుంది. వెయ్యి రెండు వేలతో పోయేది మడ్‌గార్డు, షాఫ్ట్, రిమ్ము కలిపి పెద్ద బిల్లవుతుంది. అదీ మనుషులకేం కాకపోతే.

ఈ ప్రాంతపు రోడ్ల గురించి రాయకపోతే మొత్తం నేరం కారు యజమానిదే అయిపోతుంది. అది న్యాయం కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల నేల చాలావరకు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు రెండేళ్లకే అలల్లా తయారవుతుంది. ఆ అలల మీద ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, కడప బండల లారీలు, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం నుంచి బూడిద ట్యాంకర్లు. పులివెందుల వైపు పోతే చీనీకాయలు, అరటి గెలల లారీలు, తుమ్మలపల్లె యురేనియం గని దారిలో టిప్పర్లు. టన్నుల బరువుతో లారీ తొక్కిన గుంత అంచు చిన్న కారు చక్రానికి గోడతో సమానం. నెల్లూరు జిల్లా తీరం దాకా పోయే 67వ నంబరు జాతీయ రహదారి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు మీదుగానే సాగుతుంది. పెద్ద రోడ్డు వరకు బాగానే ఉన్నా, దాని నుంచి దిగి ఊళ్లోకి పోయే దారిలోనే బాల్ జాయింట్ ఆయుష్షు తగ్గుతుంది.

స్పీడ్ బ్రేకర్లది ఇంకో కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన కొలత ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతే కుదుపు ఇబ్బంది పెట్టని వంపు అది. ఊళ్లలో రాత్రికి రాత్రి వెలిసేవి ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. అడుగు వెడల్పు, అరచెయ్యంత ఎత్తు, పక్కలు నిటారు. ఎవరి ఇంటి ముందు ప్రమాదం జరిగితే వాళ్లింటి ముందు ఒకటి. పిల్లల ప్రాణం కోసం వేసుకున్నారు, తప్పు పట్టలేం. కానీ ఒక్కో దిబ్బ ఎక్కి దిగడం బాల్ జాయింట్‌కు ఒక్కో సుత్తి దెబ్బ.

ఇన్ని దెబ్బల మధ్య కూడా కొన్ని బండ్లకు ఈ బాధ లేదు. పాత మహీంద్రా జీపులకు ముందు వైపు కూడా లారీలాగా గట్టి ఇరుసు, పట్టీల స్ప్రింగులు. 2005లో వచ్చిన టాటా ఏస్, మన భాషలో ‘చోటా హాథీ’, దానికీ అంతే. ఊడిపోయే కింది ఆర్మ్ లేదు, దాని బాల్ జాయింట్ లేదు. ప్రయాణం మాత్రం నడుములు విరగ్గొడుతుంది. హాయిగా పోవాలంటే కీళ్లుండాలి, కీళ్లుంటే అరుగుదల ఉంటుంది. ఇంజనీర్లు ఈ బేరాన్ని ఎప్పుడో ఒప్పుకున్నారు. వాడేవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇదంతా మన రోడ్ల దరిద్రమనీ పాతబండ్ల తలరాతనీ అనుకుంటే పొరపాటు. 2005లో అమెరికాలో టొయోటా సుమారు 7.5 లక్షల పికప్పులనూ పెద్ద బండ్లనూ వెనక్కి పిలిచింది. టకోమా, టండ్రా, సెకోయా, ఫోర్‌రన్నర్. కారణం ముందు కింది బాల్ జాయింటే. తయారీలో గుండు మీద పడిన గీతలు తొందరగా అరుగుదలకు దారి తీయవచ్చని కంపెనీయే ఒప్పుకుంది. ఆ బండ్లలో ఇంకో చిక్కుంది. కొన్ని నమూనాల్లో బండి బరువు గుండును గిన్నెలోకి నొక్కుతుంది. అక్కడ ఎంత అరిగినా బరువే దాన్ని చోటులో ఉంచుతుంది. టకోమాలాంటి అమరికలో బరువు గుండును గిన్నెలోంచి బయటికి లాగుతుంది. అరుగుదల హద్దు దాటిందా, ఆపేది ఏమీ లేదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చదువుకునే మన పిల్లలు మొదట కొనేది పదేళ్లు వాడేసిన కారే. అక్కడ నల్లరేగడి లేదు, సిమెంటు దుమ్మూ లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఉంది. చీలిన బూటులోకి ఉప్పునీళ్లు పోతే గుండు తుప్పు పడుతుంది. కడపలో దుమ్ము చేసే పనిని అక్కడ ఉప్పు చేస్తుంది.

మన దేశంలోనూ ఈ కోవలో ఒక ఉదాహరణ ఉంది. 2023 జూలైలో మారుతి సుజుకీ 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది. స్టీరింగ్ టై రాడ్‌లో లోపం ఉండి అరుదుగా అది విరిగే వీలుందని, విరిగితే బండి చెప్పిన మాట వినదని కంపెనీ ప్రకటించింది. బాల్ జాయింట్ కాదు, దాని పక్కింటి చుట్టం. లోపమున్న బండ్లను వెనక్కి పిలవాలని ప్రభుత్వమే కంపెనీలను ఆదేశించే వీలు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో వచ్చింది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. అయితే పదిహేనేళ్ల పాత కారుకు ఈ కవచం అందదు. దాని లోపం ఫ్యాక్టరీది కాదు, కాలానిది.

విడిభాగాల దుకాణంలో ఇంకో పరీక్ష. చెన్నైలో 1960లో మొదలైన రాణే (మద్రాస్) లాంటి సంస్థలు దశాబ్దాలుగా స్టీరింగ్ లింకులు, బాల్ జాయింట్లు తయారు చేస్తున్నాయి. వాటి పక్కనే అచ్చం అలాంటి డబ్బాలో సగం ధరకు ఊరూపేరూ లేని సరుకు దొరుకుతుంది. పైకి రెండూ ఒకటే నిగనిగ. తేడా లోపలి ప్లాస్టిక్ పొరలో, ఉక్కుకు పెట్టిన పదునులో, ముఖ్యంగా బూటు రబ్బరులో ఉంటుంది. పైగా చాలా సుజుకీ కార్లలో బాల్ జాయింట్‌ను విడిగా మార్చే వీలు కంపెనీ ఇవ్వలేదు. ఆర్మ్ మొత్తం మార్చమంటుంది. మన షెడ్లలో పాత కీలును ప్రెస్సు మీద కొట్టి తీసి, కొత్తది దించి, ఊడకుండా నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టేవాళ్లున్నారు. డబ్బు మిగులుతుంది. కానీ వెల్డింగ్ వేడికి లోపలి ప్లాస్టిక్ ఏమైందో, ఉక్కు పదును ఎంత పోయిందో బయటికి కనబడదు. చేతి పనితనాన్ని తక్కువ చేయడం కాదు గానీ, ఈ ఒక్క చోట మాత్రం కంపెనీ మాటే వినాలి. ఇంకా మామూలు తప్పు ఒకటుంది. కాడ నట్టుకు పెట్టే స్ప్లిట్ పిన్ను పాతదే వంచి మళ్లీ దూర్చడం, ఒక్కోసారి అసలు పెట్టకపోవడం. రూపాయల్లో పోయే ఆ పిన్నే కారుకు కడశీల.

చట్టం ఏం చూస్తోంది? బాడుగ బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. సొంత కారుకు పదిహేనేళ్ల దాకా అది అడిగే నాథుడే లేడు. బ్రిటన్‌లో 1960లోనే పదేళ్లు దాటిన కార్లకు తప్పనిసరి పరీక్ష పెట్టారు. ఇప్పుడు మూడేళ్లు నిండిన ప్రతి కారుకూ ఏటా ఉంటుంది. అక్కడ కార్లు తప్పే కారణాల్లో లైట్ల తర్వాత, ఈ స్ప్రింగులూ కీళ్లూ కలిసిన సస్పెన్షన్‌దే పెద్దపీట. మన దగ్గర పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.600 నుంచి రూ.5,000కు పెంచారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో రూ.10,000 చేశారు. పాతబండ్లను తుక్కుకు పంపాలన్న ఉద్దేశం అందులో ఉంది. కానీ పదిహేనేళ్లలోపు కారు చక్రం ఎవరు ఎత్తి చూస్తున్నారన్న ప్రశ్నకు రుసుము జవాబు కాదు. ఆటోమేటిక్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనల్లో కీళ్ల ఆటను పట్టే యంత్రం ఉంది. ముందు చక్రాలను రెండు పళ్లేల మీద నిలబెట్టి, పళ్లేలను అటూ ఇటూ జరిపి, కింది నుంచి దీపం వేసి చూస్తారు. షెడ్డులో పిల్లాడు బ్రేకు తొక్కి, పెద్దాయన గడ్డపార మీటి చేసే పనినే అది చేస్తుంది. సొంత కారుకు ఆ పళ్లెం ఎక్కే యోగం పదహారో ఏట గానీ రాదు. ఆ లోపు ఏ ఏడేళ్లకో ఎనిమిదేళ్లకో అది ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, ప్రొద్దుటూరు నుంచి పల్లెకు చేరి ఉంటుంది. కొనేవాడు రంగు చూస్తాడు, ఇంజను చప్పుడు వింటాడు, మైలేజీ అడుగుతాడు. వంగి చక్రం వెనక బూటు చూసేవాడు అరుదు. టార్చి ఉంటే అర నిమిషం పని. నల్లటి రబ్బరు ముడతలు నిండుగా, పొడిగా ఉంటే సరే. చుట్టూ జిడ్డు చిమ్మి దుమ్ము అంటుకుని ఉంటే బేరం కాస్త తగ్గించి అడగొచ్చు.

జమ్మలమడుగు వైపు షెడ్లలో కొందరు మెకానిక్కులు పాటించే ఉపాయం ఒకటుంది. విప్పి తీసిన పాత బాల్ జాయింట్‌ను తుక్కు డబ్బాలో వేయకుండా గోడకు మేకు కొట్టి తగిలిస్తారు. టక్ టక్ మంటోందని వచ్చినవాళ్ల చేతిలో ముందు కొత్త కీలు పెడతారు. దాని కాడను బొటనవేలితో నెడితే కదలదు, రెండు చేతులూ వాడాలి. తర్వాత మేకు మీది పాతది ఇస్తారు. ఊపితే గిలక్కాయలా మోగుతుంది, కాడ తనంత తానే అటు వాలి ఇటు పడుతుంది. వచ్చినాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండు మూడుసార్లు ఊపుతాడు. మళ్లీ ఇచ్చేసి కాసేపు ఏమీ మాట్లాడడు.

“కుడి పక్కది గూడా ఎత్తి సూడు నా.”